ఒక్కసారి గాయపడితే ఇంటికి పంపిస్తారనుకున్నారు

(మా టౌన్ లైబ్రరీలో ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళు అడిగారని రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తీసేశాం తప్ప మాట మార్చలేదు.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వెనకాల నిలబడ్డవాళ్ళు వచ్చి కూర్చోండి. పరవాలేదు రండి, నేనేమీ ప్రశ్నలడిగి లేపను.

నన్ను మొదటి ప్రపంచ యుద్ధం గురించి మాట్లాడమన్నారు. అంత పెద్ద యుద్ధం గంటలో చెప్పడం నా వల్ల కాదు. ఆస్ట్రియా యువరాజుని ఎవరు కాల్చారు, ఎవరు ఎవరితో ఒప్పందం చేసుకున్నారు, అదంతా పదో తరగతి పుస్తకంలో ఉంది, మీ పిల్లలు నాకంటే గడగడా చెప్తారు. ఇవాళ నేను మాట్లాడేది ఇక్కణ్ణుంచి ఓడెక్కి వెళ్ళిన కుర్రాళ్ళ గురించి. ఎంతమంది వెళ్ళారనుకుంటున్నారు? సిపాయిలు, వాళ్ళతోపాటు వంటవాళ్ళు, గుర్రాల కాపరులు, స్ట్రెచర్ మోసేవాళ్ళు, కూలీలు అందర్నీ కలిపితే పది లక్షల పైచిలుకు. పది లక్షలండీ. ఫ్రాన్సు, మెసొపొటేమియా, ఈజిప్టు, పాలస్తీనా, తూర్పు ఆఫ్రికా, గల్లిపోలి. వాళ్ళలో 74 వేలమందికి పైగా తిరిగి రాలేదు.

ఇప్పుడు ఆ 74 వేలు అన్న అంకె ఉంది చూశారూ, అది ప్రభుత్వం లెక్క. ప్రభుత్వానికి చచ్చినవాడు ఒక లెక్క, గాయపడ్డవాడు ఒక లెక్క, బతికినవాడు అసలు లెక్కలోనే లేడు. కానీ ఆ కుర్రాడికి వేరే లెక్క ఉంది. జీతం నెలకి పదకొండు రూపాయలు. సర్కారు ఉప్పు తిన్నాం కాబట్టి పోరాడతాం. ఒకసారి గాయపడితే మా బాకీ తీరినట్టే, ఇంటికి పంపిస్తారు. ఇదీ వాడి లెక్క. ఈ రెండు లెక్కలకీ ఎక్కడ తేడా వచ్చిందో అదే నేను చెప్పబోయేది.

1914 ఆగస్టు 4న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. సెప్టెంబరు ఆఖరికల్లా మనవాళ్ళు ఫ్రాన్సులో మార్సే రేవులో దిగడం మొదలైంది. లాహోర్ డివిజన్, మీరట్ డివిజన్, రెండు డివిజన్లు. ఎక్కువమంది పంజాబీలు, సిక్కులు, గఢ్వాలీలు, పఠాన్లు, గూర్ఖాలు. చాలామందికి అదే మొదటిసారి సముద్రం చూడటం. ఒంటి మీద ఎండాకాలం వేసుకునే నూలు ఖాకీ. తుపాకులేమో మార్సేలో దిగాక కొత్త రకంవి చేతికిచ్చారు, అలవాటు పడటానికి టైమ్ కూడా లేదు. అక్టోబరు ఆఖరికి బెల్జియంలో ఈప్ర్ దగ్గర కందకాల్లో ఉన్నారు. అక్టోబరు ఆఖర్లో ఉత్తర ఫ్రాన్సు, బెల్జియం ఎలా ఉంటాయో మనలో అమెరికా, యూరప్ వెళ్ళొచ్చినవాళ్ళకి కొంత తెలుసు. జాకెట్ వేసుకుని కారులో హీటర్ పెట్టుకుని తిరిగే చలి అది. వీళ్ళు మోకాలి లోతు బురదనీళ్ళలో నిలబడ్డారు, రోజుల తరబడి. పాదాలు కుళ్ళిపోయాయి. బాంబు తగిలి కాదు, తడికే, చలికే కాళ్ళు తీసేయాల్సి వచ్చినవాళ్ళున్నారు.

సరే, ఈ సంగతులన్నీ మనకెలా తెలుసు? ఇది అడగాల్సిన ప్రశ్న. ఆ కుర్రాళ్ళలో ఎక్కువమందికి చదువు లేదు. డైరీలు రాయలేదు, ఆత్మకథలు రాయలేదు. కానీ ఉత్తరాలు పంపారు. రాయడం వచ్చిన తోటివాడి చేత ఉర్దూలోనో గురుముఖిలోనో రాయించేవారు. అక్కడ ఊళ్ళో ఆ ఉత్తరం వెళితే మళ్ళీ చదవడం వచ్చినవాడు రచ్చబండ దగ్గర అందరికీ చదివి వినిపించాలి. అంటే చూడండి, రాసేటప్పుడూ పక్కన ఒకడుంటాడు, చదివేటప్పుడూ పదిమంది ఉంటారు. భార్యతో ఒక మాట చెప్పుకోవాలంటే ఎలా చెప్పుకుంటాడు? భయంగా ఉందని అమ్మతో చెప్పాలంటే ఎలా చెప్తాడు?

వీళ్ళిద్దరూ చాలక మధ్యలో ఇంకొకడున్నాడు. సెన్సారు. ఫ్రాన్సులో బూలోన్ అనే ఊళ్ళో ఆఫీసు పెట్టారు. ఈవ్లిన్ హోవెల్ అని ఒక ఐసీఎస్ ఆఫీసరు దానికి పెద్ద. వారానికి వేల ఉత్తరాలు విప్పి చూసేవారు, అనుమానంగా ఉన్నవి, మనసు తెలిసేలా ఉన్నవి ఇంగ్లీషులోకి మార్చి రిపోర్టుతో పాటు లండన్ పంపేవారు. ఎందుకు? జాలిపడి కాదు. ఈ సిపాయిలు తిరగబడతారేమో, పారిపోతారేమో తెలుసుకోవడానికి. ఆ రిపోర్టులు ఇవాళ లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అసలు ఉత్తరాలు దాదాపు అన్నీ పోయాయి. ఇళ్ళల్లో చెదలు తినేశాయి, ఎవరూ దాచుకోలేదు. నిఘా పెట్టినవాడు రాసుకున్న కాపీలే మనకి మిగిలాయి. వాళ్ళ మీద గూఢచారి పని చెయ్యకపోయి ఉంటే ఈ కుర్రాళ్ళ గొంతు మనకి ఒక్క ముక్క కూడా దొరికేది కాదు. నాకిది జీర్ణం కాదు, కానీ నిజం.

సెన్సారు ఉన్నాడని కుర్రాళ్ళకి తెలుసు. మరి ఎలా రాయాలి? ఒకడు మిరియాల గురించి రాస్తాడు. నల్ల మిరియాలు అయిపోయాయి, ఇప్పుడు ఎర్ర మిరపకాయ వాడుతున్నారు, అప్పుడప్పుడు నల్లవి కూడా పనికొస్తున్నాయి అని. నల్లవి అంటే మనవాళ్ళు, ఎర్రవి అంటే తెల్లవాళ్ళు. అర్థమైందిగా? మనవాళ్ళు దాదాపు అయిపోయారు అని చెప్తున్నాడు. పాపం, సెన్సారుకి కూడా అర్థమైంది, అందుకే అది మన చేతికి వచ్చింది. ఇంకొకడు 1915 జనవరిలో ఆసుపత్రి నుంచి రాశాడు, గాయపడ్డ రాజపుత్రుడు. అతనికి ఏ గూఢభాషా అక్కర్లేకపోయింది. ఇది యుద్ధం అనుకోకండి, ఇది యుద్ధం కాదు, లోకం అంతమైపోవడం అన్నాడు. అక్కడికి వచ్చి ఇంకా నాలుగు నెలలు కాలేదు.

ఇప్పుడు ఆ లెక్క దగ్గరికి వద్దాం. గాయమైతే ఇంటికి అన్న లెక్క. ఈ నమ్మకం వాళ్ళకి గట్టిగా ఉంది. గాయపడ్డవాళ్ళని ఇంగ్లండుకి తీసుకెళ్ళేవారు. సముద్రం ఒడ్డున బ్రైటన్ అని ఊరుంది, అక్కడ రాజుగారి పాత భవనం ఒకటి, రాయల్ పెవిలియన్ అంటారు. మన మొగలాయి గుమ్మటాలు, మినార్లు చూసి కట్టించుకున్న భవనం. దాన్ని 1914 డిసెంబరులో ఇండియన్ సిపాయిల ఆసుపత్రి చేశారు. చాండిలియర్ల కింద మంచాలు. తొమ్మిది వంటశాలలు, హిందువులకి వేరే కుళాయి, ముస్లిములకి వేరే కుళాయి. ఫోటోలు తీసి పోస్టుకార్డులు వేశారు, మా రాజు మిమ్మల్ని ఎంత బాగా చూసుకుంటున్నాడో చూడండి అని. బాగానే చూసుకున్నారు, నేను కాదనను. ఉత్తరాల్లో కూడా స్వర్గంలా ఉంది అని రాసినవాళ్ళున్నారు.

కానీ గాయం మానగానే? మళ్ళీ ఫ్రాన్సుకి. మళ్ళీ కందకంలోకి.

అక్కడ పడింది దెబ్బ. బుల్లెట్ కంటే పెద్ద దెబ్బ. ఒకసారి గాయపడి, మానాక వెళ్ళి, మళ్ళీ గాయపడి, మళ్ళీ మానాక వెళ్ళి... మూడోసారి కూడా పంపినవాళ్ళున్నారు. 1915లో ఒక సిపాయి, పేరు రాయలేదు, ఏకంగా జార్జి చక్రవర్తికే అర్జీ పెట్టుకున్నాడు. గాయపడ్డవాణ్ణి ఇండియా పంపమని మీరు హుకుం ఇచ్చారు కదా ప్రభూ, ఇక్కడ ఆ హుకుం నడవడం లేదు, ఒంట్లో అవయవాలన్నీ ఉన్నవాడెవడూ పంజాబ్ వెళ్ళలేడు, చెయ్యో కాలో పోయినవాడే వెళ్తాడు అని దాని సారాంశం. మీరొకసారి ఆ వాక్యం ఆలోచించండి. రెండు చేతులూ ఉన్నందుకు బాధపడుతున్నాడు.

మరి వాడేం చేస్తాడు? 1914 శీతాకాలంలోనే ఆఫీసర్లకి ఒక విషయం కనిపించింది. మనవాళ్ళ గాయాల్లో చేతికి తగిలినవి చాలా ఎక్కువ, ముఖ్యంగా ఎడమ చేతికి. కావాలని కాల్చుకుంటున్నారని అనుమానం. కొంతమందికి శిక్షలు పడ్డాయి. బ్రైటన్‌లోనే ఇంకో పెద్ద ఆసుపత్రి ఉంది, కిచెనర్ ఆసుపత్రి, దానికి పెద్ద బ్రూస్ సెటన్ అనే కల్నల్. ఆయన వెయ్యి గాయాలు పరీక్షించి రిపోర్టు రాశాడు, కావాలని చేసుకున్నారనడానికి ఆధారం లేదని తేల్చాడు. ఎంతమంది నిజంగా కాల్చుకున్నారన్నది చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నా మటుకు నాకు, ఒక్కడు కాల్చుకున్నా వాణ్ణి పిరికివాడనను. మిగతా వెయ్యిమంది కాల్చుకోనందుకు ఆశ్చర్యపోతాను.

ఇంకో దారి కూడా ఉంది. నల్లజీడి గింజ తెలుసా మీకు? పెద్దవాళ్ళకి తెలుస్తుంది, చాకలివాళ్ళు బట్టల మీద గుర్తు పెట్టేవారు దాంతో. రసం ఒంటికి తగిలితే వాచిపోయి బొబ్బలెక్కుతుంది. అమ్మగారు నవ్వుతున్నారు, చిన్నప్పుడు తగిలినట్టుంది. ఆ జీడిగింజ, ఉత్తరాదిలో భిలావా అంటారు, దాన్ని ఇంటి నుంచి పార్సిల్లో తెప్పించుకున్నారు కుర్రాళ్ళు. ఒళ్ళు వాపు తెచ్చుకుని జబ్బు అని చూపించి కందకం తప్పించుకోవడానికి. ఎలా వాడాలో ఇంట్లోవాళ్ళు ఉత్తరంలో రాసి పంపేవారు, సెన్సారు పట్టుకునేవాడు. ఇంటి నుంచి కొడుక్కి ఏం పంపుతాం మనం? పచ్చడి పంపుతాం, అరిసెలు పంపుతాం. ఆ ఇళ్ళవాళ్ళు కొడుకు బతకడానికి ఒళ్ళు కాలే గింజ పంపారు.

ఆసుపత్రుల సంగతి ఇంకొకటి చెప్పి ముందుకెళ్తాను. బాగా చూసుకున్నారన్నాను కదా, కానీ కిచెనర్ ఆసుపత్రి చుట్టూ ముళ్ళకంచె వేశారు. నయమవుతున్నవాళ్ళు ఊళ్ళోకి వెళ్ళకూడదు. ఎందుకంటే ఊళ్ళో తెల్ల ఆడవాళ్ళున్నారు. 1915లో ఒక పేపర్లో ఫోటో పడింది, ఖుదాదాద్ ఖాన్ మంచం పక్కన ఒక ఇంగ్లీషు నర్సు నిలబడి ఉంది. ఖుదాదాద్ ఖాన్ ఎవరనుకున్నారు, విక్టోరియా క్రాస్, అంటే బ్రిటిష్ సైన్యంలో సాహసానికిచ్చే అన్నిటికంటే పెద్ద పతకం, దాన్ని గెలిచిన మొట్టమొదటి ఇండియన్ సిపాయి. 1914 అక్టోబరు 31న హోలెబెక్ దగ్గర మెషీన్ గన్ దగ్గరున్న తోటివాళ్ళందరూ చనిపోయినా వదలకుండా కాల్చినవాడు. అంతటివాడి పక్కన నర్సు నిలబడితే పెద్ద గొడవైపోయి నర్సులనే తీసేశారు. చావడానికి పనికొచ్చాడు గానీ పక్కన మనిషి నిలబడటానికి పనికిరాలేదు.

అందరూ అలా లేరు, అది కూడా చెప్పాలి. ఫ్రాన్సులో రైతుల ఇళ్ళల్లో బస చేసిన సిపాయిలు రాసిన ఉత్తరాలు చదివితే కళ్ళు చెమ్మగిల్లుతాయి. ఒక ముసలావిడ ఇంట్లో మూణ్ణెల్లున్నాడు ఒక అబ్బాయి. ఆమె కొడుకులు కూడా యుద్ధంలోనే ఉన్నారు, ఒకడు చనిపోయాడు. ఈ అబ్బాయికి బట్టలు ఉతికేది, పక్క వేసేది, బూట్లు తుడిచేది. వెళ్ళిపోయే రోజు భుజం మీద పడి ఏడ్చి, చేతిలో ఐదు ఫ్రాంకుల నోటు పెట్టి దారి ఖర్చులకి ఉంచుకో అంది. భాష రాదు ఆవిడకి ఇతనిది, ఇతనికి ఆవిడది. ఇంతకంటే దీని గురించి నేనేం చెప్పను.

1915 మార్చి 10. న్యూవ్ షాపెల్. ఇది చిన్న పల్లె, దాన్ని పట్టుకోవడానికి దాడి చేశారు. నాలుగు రోజుల్లో ఇండియన్ కోర్, అంటే మన రెండు డివిజన్లూ కలిసిన సైన్యం, నాలుగు వేలమందికి పైగా నష్టపోయింది, చనిపోయినవాళ్ళూ గాయపడ్డవాళ్ళూ కలిపి. ఆ దాడిలో పోయినవాడు గబ్బర్ సింగ్ నేగి అని గఢ్వాలీ కుర్రాడు. జర్మన్ల కందకంలోకి దూకి ఒక్కో మలుపూ బాంబులేసుకుంటూ క్లియర్ చేశాడు, అతని నాయకుడు పడిపోతే తనే ముందుకు నడిపించాడు. విక్టోరియా క్రాస్ ఇచ్చారు, చనిపోయాక. వయసు పంతొమ్మిది. మన డిగ్రీ ఫస్టియర్ కుర్రాడి వయసు. ఉత్తరాఖండ్‌లో చంబా అని ఊరుంది, అక్కడ ఏటా ఏప్రిల్లో అతని పేరు మీద జాతర జరుగుతుంది, అదీ పుట్టినరోజుకి. భార్య సతూరీ దేవి ఆ పతకాన్ని బతికినన్నాళ్ళూ చీర మీద పెట్టుకునే తిరిగిందని అక్కడివాళ్ళు చెప్తారు. చిన్నపిల్ల ఆవిడ, పెళ్ళయి ఎంతో కాలం కాలేదు. ఆవిడ గాయం ఏ లెక్కలో రాశారండీ? ఏ సెటన్ వచ్చి ఆవిడని పరీక్షించాడు?

తర్వాత ఏప్రిల్లో విషవాయువు. రుమాలు తడిపి ముక్కుకి కట్టుకోండి అన్నారు. సెప్టెంబర్లో లూస్ అనే చోట ఇంకో పెద్ద దాడి. 1915 చివరికి కాల్బలాన్ని ఫ్రాన్సు నుంచి తీసేశారు, గుర్రపు దళం మాత్రం 1918 దాకా ఉంది. తీసేసి ఇంటికి పంపారా? లేదు. మెసొపొటేమియా పంపారు. అంటే ఇప్పటి ఇరాక్.

మన గల్ఫ్ వెళ్ళేవాళ్ళకి బాస్రా పేరు కొత్త కాదు. ఎండ సంగతీ కొత్త కాదు. జనరల్ టౌన్‌షెండ్ అనే ఆయన టైగ్రిస్ నది వెంట బాగ్దాద్ పట్టుకుందామని పైకి పైకి వెళ్ళాడు. వెనకాల ఆసుపత్రుల్లేవు, పడవల్లేవు, సామాను లేదు. 1915 నవంబర్లో టెసిఫాన్ దగ్గర ఓడిపోయి వెనక్కి వచ్చారు. గాయపడ్డవాళ్ళని పడవల్లో బాస్రాకి పంపారు. మేజర్ కార్టర్ అనే డాక్టర్ అక్కడున్నాడు. మెజిదియే అనే పడవ వస్తోంది, పక్కల నుంచి తాళ్ళు వేలాడుతున్నట్టు కనిపించింది ఆయనకి. దగ్గరికి వచ్చాక తెలిసింది, అవి తాళ్ళు కావు. ఇక్కడ భోజనాల టైం దగ్గర పడింది, నేను ఎక్కువ వర్ణించను. జిగట విరేచనాలు పట్టుకున్న మనుషుల్ని డెక్ మీద కుప్పలుగా పడుకోబెట్టారు, కదల్లేరు, అంతే చెప్తాను. కార్టర్ ఈ సంగతి పైవాళ్ళకి చెప్తే ముందు ఆయన్నే బెదిరించారు. తర్వాత కమిషన్ వేశారు, 1917లో రిపోర్టు బయటికొచ్చింది, ఇండియా వ్యవహారాల మంత్రి చాంబర్లేన్ రాజీనామా చేశాడు. ఆయన కుర్చీలోకి వచ్చినవాడే మాంటేగు, మనం మాంటేగు-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణలని చదువుకుంటాం కదా, ఆ మాంటేగు. ఆ ఖాళీ ఎలా వచ్చిందో పుస్తకంలో ఉండదు.

టౌన్‌షెండ్ సైన్యం వెనక్కి వచ్చి కుట్ అనే ఊళ్ళో చిక్కుకుంది. 147 రోజులు ముట్టడి. తిండి అయిపోయింది. గుర్రాల్ని కోసుకు తిన్నారు. మనవాళ్ళు చాలామంది గుర్రం మాంసం ముట్టలేదు. ఇంటికి తిరిగి వెళితే కులంలోంచి వెలేస్తారు, పిల్లకి పెళ్ళి కాదు. చావు ముందున్నా వాళ్ళు ఆలోచించేది ఇంటికి వెళ్ళాక సంగతి, గమనించారా? తినొచ్చని మతపెద్దల దగ్గర్నుంచి అనుమతులు కూడా తెప్పించారు, అయినా చాలామంది తినలేదు. చిగుళ్ళు ఊడి, స్కర్వీ వచ్చి పోయారు. 1916 ఏప్రిల్ 29న లొంగిపోయారు, సుమారు 13 వేలమంది, ఎక్కువమంది మనవాళ్ళే. అక్కణ్ణుంచి ఎడారిలో నడక. బాగ్దాద్ రైలు మార్గం పనుల్లో కూలీలుగా పెట్టారు. వేలమంది పోయారు. టౌన్‌షెండ్‌ని మాత్రం ఇస్తాంబుల్ దగ్గర దీవిలో బంగళాలో పెట్టారు, సకల మర్యాదలతో.

మరి మనవాళ్ళ మాటేమిటి, మన తెలుగువాళ్ళు, మన దక్కనువాళ్ళు అంటారా? నాకు తెలుసు ఆ ప్రశ్న వస్తుందని. తెలుగువాళ్ళని అప్పటికి సైన్యంలో బాగా తగ్గించేశారు. లార్డ్ రాబర్ట్స్ అని సర్వసేనాని, ఆయన దృష్టిలో దక్షిణాదివాళ్ళు యోధులు కారు. ఏది యోధజాతి ఏది కాదు అని లిస్టులు వేశారు. అయినా మద్రాసు శాపర్లు, అంటే వంతెనలు కట్టే, కందకాలు తవ్వే ఇంజినీరింగ్ దళం, మెసొపొటేమియా వెళ్ళింది. మద్రాసు పయనీర్ల పటాలం 1914 నవంబర్లో తూర్పు ఆఫ్రికాలో టాంగా దగ్గర దిగింది, ఇరుకు ఓడల్లో వారాల తరబడి వాంతులు చేసుకుంటూ వచ్చినవాళ్ళని తేరుకోనివ్వకుండా యుద్ధంలోకి తోశారు, ఘోరంగా ఓడిపోయారు, అడవి తేనెటీగలు కూడా కుట్టాయి. తర్వాత తప్పంతా సిపాయిల మీద వేశారు.

హైదరాబాద్ నుంచి నిజాంగారి లాన్సర్లు, ఈటెల గుర్రపు దళం, ఈజిప్టు వెళ్ళారు, తర్వాత పాలస్తీనా. ఢిల్లీలో తీన్ మూర్తి దగ్గర మూడు విగ్రహాలున్నాయి కదా, టూర్ వెళ్ళినవాళ్ళందరూ ఫోటో దిగుతారు. ఆ మూడింట్లో ఒకటి హైదరాబాద్ లాన్సర్లది. జోధ్‌పూర్, మైసూరు మిగతా రెండూ. వీళ్ళల్లో ముస్లిములకి ఇంకో బాధ. ఎదురుగా టర్కీ. టర్కీ సుల్తానే ఖలీఫా. మసీదులో ఎవరి పేరు తలుచుకుంటారో వాళ్ళ సైన్యం మీద ఈటె ఎత్తాలి. 1915 ఫిబ్రవరిలో సింగపూర్లో ఒక ఇండియన్ పటాలం తిరగబడింది, మమ్మల్ని టర్కీ మీదికి పంపుతున్నారన్న పుకారు దానికి ఒక కారణం. నలభై ఏడుమందిని జైలు గోడకి నిలబెట్టి జనం చూస్తుండగా కాల్చేశారు.

పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం తెలుసుగా, మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. తరతరాలుగా ఇంటికొకడు సైన్యంలో ఉన్న ఊరు. ఆ యుద్ధానికీ వెళ్ళారు, తర్వాత రెండోదానికీ వెళ్ళారు. ఊరు గర్వంగా చెప్పుకుంటుంది, చెప్పుకోవాలి కూడా. కానీ అలాంటి ఊళ్ళో ముసలమ్మల పక్కన కూర్చుంటే వేరే కథలుంటాయి. శవం రాదు. మన ఇళ్ళల్లో మనిషి పోతే తిథి చూసుకుని తద్దినం పెడతాం. సముద్రం అవతల, ఏ రోజు పోయాడో తెలియని కొడుక్కి ఏ తిథి చూస్తారు? "కనబడుట లేదు" అని కాగితం వస్తే బొట్టు తీయాలా ఉంచాలా? సంవత్సరాల తరబడి అటూ ఇటూ కాకుండా బతికిన ఆడవాళ్ళుంటారు ఏ యుద్ధంలోనైనా.

బెర్లిన్లో ఒక గొంతు ఉంది. ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. జర్మన్లకి చిక్కిన ఇండియన్ ఖైదీల్ని బెర్లిన్ దగ్గర వూన్స్‌డార్ఫ్ అనే చోట క్యాంపులో పెట్టారు. బ్రిటిషువాళ్ళకి వ్యతిరేకంగా తిప్పుకుందామని. అక్కడికి భాషలు చదివే ప్రొఫెసర్లు వచ్చి, ఖైదీల చేత మాట్లాడించి గ్రామఫోను రికార్డులు చేశారు. వాళ్ళకి కావలసింది ఉచ్చారణ. 1916 డిసెంబరు 11న మాల్ సింగ్ అనే సిక్కు సిపాయి మైకు లాంటి గొట్టం ముందు నిలబడ్డాడు. ఏం చెప్పాడో తెలుసా? "నేను" అని అనలేదు. "ఒక మనిషి ఉండేవాడు" అన్నాడు. హిందూస్థాన్లో వెన్న తినేవాడు, పాలు తాగేవాడు. ఆ మనిషి యూరప్ యుద్ధంలోకి వచ్చాడు. జర్మనీవాళ్ళు పట్టుకున్నారు. ఆ మనిషికి ఇండియా వెళ్ళాలనుంది. ఇంకో రెండేళ్ళు ఇక్కడే ఉంటే చచ్చిపోతాడు. దేవుడు దయతలచి సంధి అయితే వెళ్తాడు. తన గురించి తనే ఎవరో పరాయివాడి కథలా చెప్పుకున్నాడు. ఆ రికార్డు ఇప్పటికీ ఉంది, వినొచ్చు. గీరల చప్పుడు మధ్య ఒక పల్లెటూరి గొంతు.

యుద్ధం అయిపోయింది. తిరిగొచ్చినవాళ్ళు ఏం చూశారు? 1918 జూన్‌లో బొంబాయి రేవులో జ్వరం దిగింది, అదే ఇన్‌ఫ్లుయెంజా, దేశంలో కోటికి పైగా జనం పోయారు. యుద్ధంలో పోయినవాళ్ళ లెక్క దాని ముందు ఏ మూలకి. పంజాబ్‌లో అయితే మరుసటి ఏప్రిల్లో జలియన్‌వాలా బాగ్. కొడుకుల్ని పంపిన జిల్లాల మీదే కాల్పులు.

ఇక పేర్లు. ఇండియా గేట్ మీద 13 వేలకి పైగా పేర్లున్నాయి. ఫ్రాన్సులో న్యూవ్ షాపెల్ దగ్గర స్మారకం ఉంది, 1927లో కట్టారు, 4,700కి పైగా పేర్లు. మరి బాస్రాలో? బాస్రా స్మారకం మీద బ్రిటిషువాళ్ళ పేర్లు చెక్కారు, మన ఆఫీసర్ల పేర్లు చెక్కారు. మామూలు సిపాయిలకి? పటాలం పేరు, ఎంతమంది అన్న సంఖ్య. అంతే. పేర్లు రాయడానికి రాయి చాలలేదా? 2021లో కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ తనే కమిటీ వేసుకుని ఒప్పుకుంది. ఎక్కువగా తూర్పు ఆఫ్రికన్లు, ఈజిప్షియన్లు ఉన్న కనీసం లక్షా పదహారు వేలమందిని పేరుతో స్మరించలేదు, కొందరిని అసలే స్మరించలేదు అని. బ్రిటిష్ మంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. నూరేళ్ళకి.

ఇదంతా పాత కథే కదా, ఇప్పుడెందుకు అని ఎవరో అడిగారు ఇందాక మెట్ల దగ్గర. పాతదేనా? 2024లో మన హైదరాబాద్ కుర్రాడు ఒకడు ఉక్రెయిన్ యుద్ధంలో రష్యా సైన్యంలో చనిపోయాడు. పేపర్లో చదివారు మీరు. తెలంగాణ, పంజాబ్, గుజరాత్, కేరళ, చాలాచోట్ల నుంచి కుర్రాళ్ళని ఏజెంట్లు తీసుకెళ్ళారు. హెల్పర్ ఉద్యోగం అన్నారు, సెక్యూరిటీ ఉద్యోగం అన్నారు, యూట్యూబ్‌లో వీడియోలు పెట్టి. అక్కడికెళ్ళాక రష్యన్ భాషలో కాగితం మీద సంతకం, కొద్దిరోజులు ట్రైనింగు, చేతికి తుపాకీ. సీబీఐ కేసు పెట్టింది, ప్రధాని స్థాయిలో మాట్లాడితే గానీ కొంతమంది తిరిగి రాలేదు. పదకొండు రూపాయలు లక్ష రూపాయలైంది. కుర్రాడి వయసు అదే. వీడియోలో ఏడుస్తూ నన్ను ఇంటికి తీసుకుపోండి అంటున్నాడు, అప్పుడు ఉత్తరం, ఇప్పుడు ఫోను. మీ వీధిలో ఎవరైనా విదేశాల్లో సెక్యూరిటీ ఉద్యోగం, అడ్వాన్సు ఇంత కట్టాలి అంటుంటే, విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టరైన ఏజెంటేనా అని చూడండి. ఈమైగ్రేట్ అని వెబ్‌సైటు ఉంది, అందులో లిస్టు ఉంటుంది. కాంట్రాక్టు ఏ భాషలో ఉందో, అందులో ఏముందో చదివించుకోకుండా సంతకం పెట్టనివ్వద్దు.

చివరిగా ఒక పని చెప్తాను, ఇంటికెళ్ళి చెయ్యగలిగింది. మీలో ఎవరింట్లోనైనా ముత్తాతగారి పాత పెట్టెలో గుండ్రటి మెడల్ ఉంటే, ఒకవైపు జార్జి రాజు బొమ్మ, ఇంకోవైపు గుర్రం మీద మనిషి, దాన్ని కంసాలికి వెండి కింద అమ్మకండి. అంచు చూడండి, భూతద్దం పెట్టి చూడండి. నంబరు, హోదా, పేరు, పటాలం అన్నీ అంచు మీద చెక్కి ఉంటాయి. కంచుది అయితే ఇంకా జాగ్రత్తగా దాచండి, అది సిపాయిది కాకపోవచ్చు, కూలీదో వంటవాడిదో అయ్యుంటుంది, వాళ్ళకి కంచువి ఇచ్చారు. ఆ నంబరూ పటాలమూ రాసుకొచ్చి ఇక్కడ లైబ్రరీలో ఇస్తే, యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైట్లో ఎలా వెతకాలో మన లైబ్రేరియన్ గారికి నేను చూపించాను, ఆయన చూపిస్తారు. చనిపోయినవాళ్ళే అందులో దొరుకుతారు, బతికొచ్చినవాళ్ళు దొరకరు, అది ముందే చెప్తున్నాను. టీ వచ్చినట్టుంది. ప్రశ్నలుంటే టీ తాగుతూ అడగండి, నేనిక్కడే ఉంటాను.